పెంపుడు కుక్క ఒంటిపై గడ్డ కనిపించినప్పుడు

కుక్కను నిమురుతున్న చేతికి ఒకనాడు చర్మం కింద చిన్న ఉండ తగులుతుంది. శనగగింజంత ఉండవచ్చు, నిమ్మకాయంత ఉండవచ్చు. ఇంట్లో ఒకరు వేడి చేసిందంటారు, మరొకరు ఎవరో రాయి విసిరి ఉంటారంటారు, ఎదురింటివారు నల్లజీడి పెట్టమంటారు. తొర్రూరులో నా వద్దకు మోకాళ్ల నొప్పులకో, అజీర్ణానికో మందు తీసుకొనుటకు వచ్చినవారు లేచి వెళ్లబోతూ, "సార్, మా కుక్కకు గూడ గడ్డ లేసింది, ఏదన్న పసరు చెప్పుండ్రి" అని అడగడం అరుదు కాదు. నేను మనుషులకు వైద్యం చేసేవాడినే గాని పశువైద్యుణ్ణి కాను. అయినను పసరు చెప్పడానికి ముందు తెలిసికొనవలసిన సంగతులు చాలా ఉన్నందున, పశువైద్యులైన మిత్రులతో చర్చించి, గ్రంథాలు పరిశీలించి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

మొదటి మాట ఇది: కుక్కకు లేచే గడ్డలన్నీ క్యాన్సర్లు కావు. చాలా భాగం ప్రాణభయం లేనివే. కాని ఏది ప్రమాదకరమో ఏది కాదో చేతితో తడిమి చెప్పడం వైద్యునికి కూడా సాధ్యం కాదు. ఈ వ్యాసంలో మిగిలినదంతా ఈ రెండు వాక్యాలకు వివరణమే.

అసలు అది గడ్డేనా?

రక్తం త్రాగి ఉబ్బిన గోమారి (కొందరు పిడుదు అంటారు) వెంట్రుకల మధ్య అచ్చం పులిపిరికాయవలె చేతికి తగులును. వెలుతురులో వెంట్రుకలు పాయ తీసి చూచిన కాళ్లు కనిపిస్తాయి. మగకుక్కకు కూడా కడుపు మీద రెండు వరుసలలో చనుమొనలు ఉంటాయి. వాటిని చూసి కంగారుపడి వచ్చినవారున్నారు. షాబాద్ బండల మీద పడుకునే పెద్ద కుక్కలకు మోచేతుల వద్ద చర్మం కాయకాచి మొద్దుబారుతుంది, ఒక్కొక్కప్పుడు లోపల నీరు చేరి మెత్తగా ఉబ్బుతుంది. దీనికి గోనెసంచిపై పాత బొంత పరచి మెత్తని పడక ఏర్పాటు చేయడమే మొదటి చికిత్స. టీకా వేసిన చోట చిన్న ఉండ కట్టి కొద్ది వారాలలో కరిగిపోవచ్చును. కుక్కపిల్ల బొడ్డు వద్ద మెత్తగా ఉబ్బి, నొక్కితే లోపలికి పోయే వాపు గడ్డ కాదు, బొడ్డు హెర్నియా. అందులో పేగు ఉండే అవకాశం కలదు కనుక దానిని సూదితో పొడవడం, దారంతో బిగించి కట్టడం ప్రాణాంతకం.

ముఖం నిమిషాలలో వాచిపోయిన, కాలు గంటలలో ఉబ్బిన అది కూడా గడ్డ కాదు. తేనెటీగ కుట్టి ఉండవచ్చు, మన పొలాలలో పాము కాటు కూడా కావచ్చు. అప్పుడు చదువుతూ కూర్చొనరాదు, వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

కొలత, తేదీ

గడ్డేనని తెలిసిన పిదప చేయవలసిన పని మందు పెట్టడం కాదు, వ్రాసి పెట్టడం. కాలెండరు మీదనో, పాలలెక్క పుస్తకంలోనో తేదీ వేసి, ఒంటిలో ఏ చోట ఉన్నది, ఎంత ఉన్నది, మెత్తగా ఉన్నదా గట్టిగా ఉన్నదా, వేలితో కదిలిస్తే చర్మంతోపాటు కదులుతున్నదా లేక లోపల అతుక్కొని ఉన్నదా, ముట్టుకుంటే కుక్క మూలుగుతున్నదా అన్నవి వ్రాయండి. రూపాయి బిళ్ల ప్రక్కన పెట్టి ఫోటో తీసుకొనిన ఇంకా మేలు. "పెరిగినట్టుంది" అన్న మాటకంటే "మొదటివారం బఠాణీగింజంత, మూడవవారం ఉసిరికాయంత" అన్న మాట పశువైద్యునికి ఎంతో ఉపయోగపడుతుంది.

పదే పదే పిసుకరాదు. దీనికి ఒక ముఖ్యమైన కారణం ఉన్నది, అది ముందు చెబుతాను. ఇంట్లో పిల్లలకు కూడా ఈ మాట గట్టిగా చెప్పవలెను.

ఎన్నాళ్లు చూడవచ్చు అని అడుగుతారు. బఠాణీగింజకంటే పెద్దదైన గడ్డ, అనగా సుమారు 1 సెంటీమీటరు దాటినది, లేదా నెలరోజులైనా పోకుండా ఉన్నది తప్పక చూపించవలసినదే. త్వరగా పెరుగుతున్నది, పుండు పడినది, రక్తం కారుతున్నది, పొదుగులో లేచినది, జననాంగం వద్ద లేచినది అయితే నెల కాదు, ఈ వారమే చూపించవలెను. తిండి తగ్గి, చిక్కిపోతూ ఉన్న కుక్క విషయంలోనూ అంతే.

గ్రంథి, అర్బుదము

మన ప్రాచీనులు పశువైద్యాన్ని నిర్లక్ష్యం చేయలేదు. గుర్రాలకు శాలిహోత్రుని పేరనూ, ఏనుగులకు పాలకాప్యుని పేరనూ ప్రత్యేక శాస్త్రములే గలవు. గడ్డల విషయమున మాత్రం నాకు ఎక్కువ తోడ్పడినది మనుషుల కొరకు వ్రాయబడిన సుశ్రుత సంహితయే. నిదానస్థానంలో సుశ్రుతుడు గ్రంథిని, అర్బుదాన్ని వేరు చేసి వర్ణించాడు. అర్బుదము గుండ్రనిది, కదలనిది, నొప్పి తక్కువగలది, లోతైన మూలము గలది, నెమ్మదిగా పెరుగునది, పక్వమునకు రానిది అని లక్షణములు చెప్పాడు. చికిత్సాస్థానంలో మరింత కీలకమైన మాట ఉన్నది: అర్బుదాన్ని ఏ కొంచెం మిగిల్చినను అది మరల వేగంగా పుట్టి నిప్పువలె నాశనం చేయును, కావున నిశ్శేషముగా తీసివేయవలెను. నేటి శస్త్రవైద్యులు కణితి చుట్టూ ఆరోగ్యంగా కనిపించే కండను కూడా కొంత కలిపి కోసివేయడం సరిగ్గా ఇందుకే.

సెగగడ్డను గురించి కూడా ఆయన మాట నేటికీ నిలిచేదే. పక్వము కాని వాపును కోయడం, పక్వమైన దానిని కోయక ఉపేక్షించడం, రెండూ సమానమైన అజ్ఞానమని సూత్రస్థానంలో గట్టిగా మందలించాడు. మన ఇళ్లలో ఈ రెండు పనులూ కుక్కలకు జరుగుతూనే ఉన్నాయి.

అయితే ఒక హెచ్చరిక. కదిలేది మంచిది, కదలనిది చెడ్డది అన్న ఒక్క సూత్రాన్ని పట్టుకొని ఇంట్లో తీర్పు చెప్పరాదు. కుక్కలలో ఆ సూత్రాన్ని మోసగించే గడ్డలు ఉన్నాయి.

సాధారణంగా కనిపించేవి

వయసు మీరి, ఒళ్లు చేసిన కుక్కలకు ప్రక్కటెముకల మీద, చంకలో మెత్తగా జారిపోయే కొవ్వుగడ్డలు లేస్తాయి. ఇవి సంవత్సరాల తరబడి అలాగే ఉండవచ్చు. నడకకు అడ్డమైతే తప్ప తీయనవసరం లేదు. తెల్లని పిండివంటి పదార్థం నిండిన తిత్తులు కూడా హాని లేనివే, నొక్కి పగులగొడితే మాత్రం చీము పట్టును. కుక్కపిల్లల పెదవుల మీద, నోటిలో గోబిపువ్వు రేకులవలె గుంపుగా లేచే పులిపిర్లు వైరస్ వలన కలిగేవి. చాలావరకు కొన్ని నెలల లోపల వాటంతటవే రాలిపోతాయి. రెండు మూడేళ్లలోపు కుక్కలకు ఎర్రగా, నున్నగా, చొక్కాగుండీవలె లేచే ఒక రకం గడ్డ కూడా సాధారణంగా రెండు మూడు నెలలలో మాయమగును. ఇటువంటి గడ్డకు పసరు రాసినవారు పసరే తగ్గించిందని ఊరంతా చెబుతారు. ఆ ప్రచారం వలన రాగల నష్టం తరువాతి కుక్కకు గాని తెలియదు.

చీముగడ్డ వేడిగా, నొప్పిగా, రెండు మూడు రోజులలోనే లేచును. కుక్కల కొట్లాటలో పడిన పంటిగాటు పైకి మానినట్లు కనబడి లోపల చీము పట్టడం ఎక్కువ.

ఇక మోసగాడు: మాస్ట్ కణముల కణితి. మాస్ట్ కణమనగా అలర్జీ కలిగించే హిస్టమిన్ అను పదార్థాన్ని తనలో నింపుకొని ఉండే కణము. దీని నుండి పుట్టే కణితి కొవ్వుగడ్డవలె మెత్తగా ఉండవచ్చు, పులిపిరివలె ఉండవచ్చు, పురుగు కుట్టిన దద్దురువలె కూడా ఉండవచ్చు. నిన్న ఉబ్బి నేడు తగ్గి మరల ఉబ్బడం దీని గుర్తులలో ఒకటి. తగ్గినదని ఇంటివారు సంతోషిస్తారు. దీనిని పిసికినచో ఆ పదార్థమంతా విడుదలై చుట్టూ ఎర్రబడి వాచును. వాంతులు, కడుపులో పుండ్లు, నల్లని మలము, ఒక్కొక్కసారి కుప్పకూలిపోవడం కూడా సంభవించును. పిసుకరాదని పైన చెప్పినది ఇందుకే.

దవడ కింద, భుజం ముందు, వెనుక మోకాలి వెనుక రెండువైపులా ఒకేసారి బిళ్లలు కట్టిన అది రసగ్రంథుల వాపు. లింఫోమా అనే క్యాన్సరు కావచ్చు; గోమార్ల వలన వచ్చే ఎర్లికియా జ్వరం కూడా కావచ్చు. గోమార్ల జ్వరమైతే మందులతో నయమగును. రక్తపరీక్ష చేయించక ముందే నిరాశపడి వదిలివేయడం చాలా అన్యాయం.

పొదుగు గడ్డలు

ఆడకుక్కలకు సాధారణంగా ఐదు జతల చన్నులుంటాయి. పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించని ఆడకుక్కకు ఆరేడు సంవత్సరములు దాటిన పిమ్మట నెలకొకసారి చన్నులన్నిటినీ వేళ్లతో తడిమి చూడవలెను. ఇక్కడ లేచే కణితులలో ఇంచుమించు సగం క్యాన్సర్లని పశువైద్యశాస్త్రము చెప్పుచున్నది. చిన్నదిగా ఉన్నప్పుడు తీసిన కుక్కలు ఎక్కువకాలం జీవిస్తాయి.

మా ఊరిలో పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుని ఇంట్లో దేశవాళీ ఆడకుక్క ఉండేది. చివరి చన్ను ప్రక్కన చింతగింజంత గడ్డ లేచినదని వారికి మొదటి వారంలోనే తెలుసు. ఎవరో చెప్పిన ప్రకారం సున్నం, బెల్లం కలిపి పట్టు వేశారు. తరువాత నల్లజీడి రసం పెట్టారు. అయిదు నెలలకు అది పగిలి పుండైనది. వరంగల్‌కు తీసుకొనిపోయి ఎక్స్‌రే తీయించేసరికి ఊపిరితిత్తులలోకి వ్యాపించి ఉన్నది. కోయడం వలన ప్రయోజనం లేదని వైద్యులు చెప్పారు. ఆ ఇంట్లోనివారు ఖర్చుకు వెనుకాడినవారు కారు, ప్రేమ లేనివారూ కారు. వారికి తెలియవలసిన ఒక్క మాట సమయానికి తెలియలేదు.

మొదటిసారి ఎదకు రాకముందే శస్త్రచికిత్స చేయించిన కుక్కలకు ఈ వ్యాధి చాలా అరుదు. ఒక్కసారైనా ఈనితేనే ఆరోగ్యమన్న నమ్మకం మనవారిలో ఉన్నది. దానికి ఆధారం లేదు. ఎద రాకుండా ఆపే హార్మోను ఇంజక్షన్లు పొదుగు కణితుల ప్రమాదాన్ని పెంచుతాయి.

ఈనిన కుక్కకు పొదుగు ఎర్రబడి వేడిగా వాచి, పాలు రంగు మారి, జ్వరం వచ్చినచో అది వేరు, పొదుగువాపు. దానికి అదేరోజు వైద్యం కావలెను, పిల్లలను కూడా ఆ పాలకు విడువరాదు.

బిళ్లగన్నేరు మందు

మన ఊళ్లలో విడిచి పెంచే కుక్కలలో, వీధికుక్కలలో ప్రత్యేకంగా కనిపించే ఒక కణితిని గురించి కొంత విస్తరించి చెప్పవలసి ఉన్నది. జననాంగం వద్ద గోబిపువ్వువలె ఎర్రగా, ముట్టుకుంటే రక్తం కారేటట్లు లేచును. ఇంటివారు మొదట చూచునది గడ్డను కాదు, నేల మీది రక్తపు చుక్కలను. ఆడకుక్క అయితే ఎదకు వచ్చిందనుకుంటారు, మగకుక్క అయితే మూత్రంలో రక్తమనుకుంటారు. జతకట్టినప్పుడు ఒక కుక్క నుండి మరొక కుక్కకు అంటుకొనును. వాసన చూచుట, నాకుట వలన ముక్కులో కూడా మొలవవచ్చు.

దీని స్వభావం ఆశ్చర్యకరమైనది. అంటుకొనునది క్రిమి కాదు, సాక్షాత్తు కణితి కణములే. 1876లో రష్యా పశువైద్యుడు నొవిన్‌స్కీ ఈ కణితి ముక్కను ఒక కుక్క నుండి మరొకదానికి నాటి మొలిపించి చూపాడు. వేలాది సంవత్సరాల క్రితం ఏదో ఒక కుక్క దేహంలో పుట్టిన కణములే ఈనాటికీ ప్రపంచమంతటా కుక్క నుండి కుక్కకు ప్రాకుచున్నవని జన్యు పరీక్షలు తేల్చినవి. మొదటి కుక్క చనిపోయి యుగాలైనది, దాని వ్యాధి మాత్రం బ్రతికే ఉన్నది. మనుషులకు ఇది అంటదు.

ఇంత భయంకరంగా కనిపించే ఈ కణితే చికిత్సకు అన్నిటికంటే బాగా లొంగునది. విన్‌క్రిస్టిన్ అను ఇంజక్షను వారానికొకసారి నరములోనికి ఇచ్చినచో చాలా కుక్కలకు నాలుగు నుండి ఆరు వారములలో కణితి కరిగిపోవును. ఈ మందు ఎక్కడిదో తెలిసిన పాఠకులు సంతోషిస్తారు: మన పెరళ్లలో, గుడి ప్రాంగణాలలో పూచే బిళ్లగన్నేరు మొక్కది! జమైకాలో ఈ ఆకు కషాయాన్ని మధుమేహానికి త్రాగుతారని విని, 1950లలో కెనడాలో నోబుల్, బీర్ అను శాస్త్రజ్ఞులు దానిని పరిశోధించారు. చక్కెర తగ్గలేదు గాని తెల్ల రక్తకణములు తగ్గినట్లు కనుగొన్నారు. అందుండి విన్‌బ్లాస్టిన్, అటుపై అమెరికాలో విన్‌క్రిస్టిన్ వెలువడినవి. 1963 నుండి విన్‌క్రిస్టిన్ పిల్లల రక్తక్యాన్సరులో కూడా ప్రాణాలు కాపాడుచున్నది.

ఇది చదివి ఎవరూ బిళ్లగన్నేరు ఆకు నూరి కుక్కకు త్రాగించవద్దు. వందల కిలోల ఎండుటాకు నుండి గ్రాముల లెక్కన లభించే మందు ఇది. ఆకులో దానితోపాటు ఇతర విషపదార్థములు అనేకం ఉన్నాయి. శుద్ధి చేసిన మందు కూడా ఒక్క చుక్క నరము వెలుపల పడిన చోట కండ కుళ్లిపోవును. అందుచేత ఇది అలవాటున్న పశువైద్యుని చేతిలో మాత్రమే ఉండవలెను. ఇంజక్షను ఇచ్చిన రెండు మూడు రోజులు కుక్క మలమూత్రాలను చేతితొడుగులు వేసికొని శుభ్రం చేయవలెను. గర్భిణీ స్త్రీలు ఆ పని చేయరాదు.

మా వీధిలోనే ఒక మగకుక్కకు ముక్కు నుండి రక్తం కారుతూ ఉంటే అందరూ దాని ఆయువు తీరిందనుకున్నారు. ఐదు ఇంజక్షన్లకు కోలుకొని మరల కోడిపిల్లలను తరుముతున్నది.

పశువైద్యుడు ఏమి చేస్తాడు?

చాలామంది వెంటనే కత్తి పెడతారేమోనని భయపడతారు. మొదట చేయు పరీక్ష చాలా చిన్నది. మామూలు ఇంజక్షను సూదిని గడ్డలో గ్రుచ్చి, అందు వచ్చిన నలుసంత పదార్థాన్ని గాజు పలక మీద పరచి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. మత్తు సాధారణంగా అవసరం లేదు. కొవ్వు, చీము, మాస్ట్ కణములు, పైన చెప్పిన అంటు కణితి తరచుగా ఈ ఒక్క పరీక్షతోనే తెలిసిపోవును. తేలనప్పుడు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు.

వరంగల్–ఖమ్మం రోడ్డు మీద ఉన్న మనకు ఒక సౌకర్యం గలదు. స్థానిక పశువైద్యశాలలో చూపిన పిమ్మట పెద్ద పరీక్షలు కావలసివస్తే అదే దారిలో వరంగల్ చేరువన మామునూరులో పశువైద్య కళాశాల ఉన్నది. ఇది 2014లో ఏర్పడిన పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందినది. ఆ విశ్వవిద్యాలయపు పాత కళాశాల హైదరాబాదు రాజేంద్రనగర్‌లో గలదు. ఆటోలో తీసుకొనిపోవునప్పుడు ఎంత సాధువైన కుక్కకైనను మూతికి మెత్తని గుడ్డపట్టీ వదులుగా కట్టండి, ఊపిరి ఆడుతున్నదో లేదో చూస్తూ ఉండండి. నొప్పిలో ఉన్నది యజమానిని కూడా కరచును. రేబిస్ టీకా కార్డు వెంట ఉంచుకొనవలెను.

గడ్డ తీసినప్పుడు దానిని పారవేయనీయక పరీక్షకు పంపమని అడగండి. అది ఏమిటో, అంచుల వరకు పూర్తిగా వచ్చినదో లేదో కాగితం మీద వ్రాసి ఇస్తారు. కొంత ఖర్చు అగును, కాని మిగిలిన చికిత్స అంతా ఆ కాగితం మీదనే ఆధారపడి ఉన్నది.

గృహవైద్యం ఎంతవరకు?

ఈ పత్రిక పాఠకులు ఎదురుచూచునది ఈ భాగమేనని ఎరుగుదును. కుక్కకు పెట్టిన ప్రతి పట్టూ దాని కడుపులోకే పోవును, ఎందుకనగా అది నాకక మానదు. ఈ ఒక్క సంగతి వలన మనుషులకు పనికివచ్చే సగం మందులు కుక్కలకు పనికిరావు. నల్లజీడి, జిల్లేడు పాలు, మైలతుత్తం, సున్నం చర్మాన్ని కాల్చి పుండు చేయును. పుండు పడిన గడ్డను పరీక్షించడం, కోసి కుట్టడం రెండూ కష్టమగును. కాల్చిన ఇనుముతో వాతలు పెట్టుట క్రూరత్వమే గాని చికిత్స కాదు. వెల్లుల్లి, ఉల్లి కుక్కల రక్తకణములను పగులగొట్టును. కర్పూరం మూర్ఛ తెప్పించును. ఆముదపు గింజలు ప్రాణం తీయును. మన పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ మాత్రలను కూడా మీ అంతట మీరు ఇవ్వరాదు.

కాంచనార గుగ్గులు ఇవ్వవచ్చునా అని అడుగువారు గలరు. మనుషులలో గ్రంథులకు నేను వాడుతున్న ఔషధమే అది. కాని కుక్కల కణితులను కరిగించునని నిరూపణ లేదు, కుక్కకు మోతాదు నిర్ణయమై లేదు. దానిని నమ్ముకొని గడిచిన రెండు నెలలు వ్యాధికే లాభం.

చేయదగినవి లేకపోలేదు. చీముగడ్డ అని వైద్యుడు తేల్చిన తరువాత, గోరువెచ్చని ఉప్పునీటిలో ముంచిన గుడ్డతో రోజుకు రెండు మూడుసార్లు పది నిమిషాలు కాపడం పెట్టవచ్చు. మన మోచేతికి వేడి ఓర్చుకొనునంతే ఉండవలెను. చీము పోయిన పుండు చుట్టూ వేపాకు మరిగించి చల్లార్చిన నీటితో కడగవచ్చు. ఈగలు వాలకుండా చూచుట వీటికంటే ముఖ్యం, ఎందుకనగా వర్షాకాలంలో ఒక్కరోజులోనే పురుగు పట్టును. ఒళ్లు చేసిన కుక్కకు అన్నం, మిగిలిన స్వీట్లు తగ్గించండి.

శస్త్రచికిత్స నాటికి ముందు రాత్రి నుండి వైద్యుడు చెప్పినట్లు ఆహారం ఆపవలెను. తరువాత కుట్లు విప్పే వరకు, సుమారు పది పన్నెండు రోజులు, మెడకు గరాటువంటి పట్టీ ఉంచవలెను. అది దొరకనిచోట పాత ప్లాస్టిక్ బకెట్టు అడుగు తీసి, అంచులకు గుడ్డ కుట్టి వాడినవారున్నారు, చక్కగా పనిచేసినది. కుట్ల వద్ద వాపు, దుర్వాసన, రసి కనిపించినచో గడువు దాకా ఆగక తీసుకొనిపోవలెను. గాయం మానిన పిమ్మట నెలకొక పర్యాయం ఆ మచ్చ చుట్టూ, అటుపై ఒళ్లంతా తడిమి చూచి, అదే పుస్తకంలో తేదీ వేసి వ్రాయండి.